ఎనిమిదో కుర్చీ: ఊగిన తీగ

ఆ రోజు ఆగస్టు పద్దెనిమిది, శుక్రవారం. పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. ముక్కల్లో ఒకటి మాడింది. గుడ్డు పెంకు మాత్రం ఒక్క పట్టున, టోపీ తీసినట్టు ఊడొచ్చింది. ఆ రోజు మొత్తం మీద నా మాట విన్నది అదొక్కటే. అందుకే ఇంకా గుర్తుంది.

కథ ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయినవారి కోసం నాలుగు మాటలు. మా ఊరి మ్యూజియంలో ఆదివారం ఒక కొత్త గది తెరుస్తున్నారు. అందులో ఒక గోడ నిండా ఒకే ఒక్క ఫొటో, వరదనాటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీది. ఎనిమిది కుర్చీలు, ఏడుగురు అమ్మాయిలు. ఊరు మునిగిపోతున్నా కాల్స్ కలిపే బోర్డు వదలకుండా ఆ రాత్రి లైన్లు నిలబెట్టారని ఆ ఏడుగురికీ పతకాలిచ్చారు. ఖాళీగా ఉన్న ఎనిమిదో కుర్చీ భయపడి పారిపోయిన అమ్మాయిదని ఆనాటి పత్రిక రాసింది. ఆ తర్వాత అది ఆరో తరగతిలో పాఠమైంది. పాఠం చివర ప్రశ్న కూడా ఉండేది. ‘ఎనిమిదో ఆపరేటరు చేసిన తప్పేమిటి? మూడు వాక్యాలలో వ్రాయుము.’

అరవై రెండేళ్లుగా ఆ మూడు వాక్యాలు మోస్తున్న మనిషి మా వదిన. నా భార్యకు అక్క. ఆ పాఠాన్ని మా ఆవిడ చిన్నప్పుడు క్లాసులో నిలబడి పైకి చదవాల్సి వచ్చింది. ‘మా అక్క పారిపోయే మనిషి కాదండీ’ అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అంతకుమించి ఆమెకూ తెలియదు. వదిన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు మా ఆవిడ లేదు. ఆ మాట మాత్రం నా దగ్గర మిగిలిపోయింది.

కాలేజీలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిజిక్సు చెప్పినవాణ్ణి కనుక కిటికీలోంచి పడ్డ వెలుగునూ కుర్చీల నీడలనూ పట్టుకుని, ఆ ఫొటో వరద రాత్రి తీసింది కాదనీ, నీళ్లు తీశాక ఒక ఎండ పొద్దున అమ్మాయిల్ని కూర్చోబెట్టి తీసిందనీ కిందటి వారం రుజువు చేశాను. ఇక గోడ మీది వాక్యం మారిపోతుందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

నేను మ్యూజియానికి వెళ్లేసరికి పెయింటరు గోడ ముందు నిచ్చెన వేసుకుని ఉన్నాడు. ఫొటో కింద ‘ప్రాణభయంతో’ దాకా రాశాడు. తర్వాతి అక్షరానికి కుంచె ఎత్తి, నన్ను చూసి దించాడు.

“మీరొచ్చినప్పుడల్లా నా చెయ్యి వణుకుతోంది మాస్టారూ. ఆ ‘భ’ చూడండి, వంకరపోయింది.”

“వాక్యమే వంకర నాయనా. అక్షరానిదేముంది.”

“నాకేం తెలుసండీ! వాళ్లు రాసిచ్చింది నేను దించుతాను. మొన్న హోటలు బోర్డు మీద వాళ్లు చెప్పినట్టే ‘ఇక్కడ వేడి నీళ్లు లభించవు’ అని రాశాను. అంతే నా పని.”

క్యూరేటరమ్మాయి లోపలి గదిలోంచి వచ్చింది. ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది. ఇప్పటికీ నన్ను చూస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి నిలబడుతుంది. అలాంటివాళ్ల మీద గట్టిగా కోప్పడడం కూడా కుదరదు. అదో బాధ.

“వెలుగు సంగతి ఒప్పుకున్నాను మాస్టారూ. ఫొటో తర్వాతే తీశారు. కానీ తర్వాత తీసినంత మాత్రాన ఆవిడ పారిపోలేదని ఎలా అవుతుంది?”

“అవదు.”

“మరి? కొలవనిది రాయొద్దని మాకు నేర్పింది మీరే కదా!”

“నేర్పాను. ఆ రోజు ఎందుకు సెలవు పెట్టలేదా అనిపిస్తోంది.”

నవ్వబోయి ఆపుకుంది. “అక్కడున్నవాళ్లలో ఒక్కరు చెప్పినా చాలు. రేపు పదింటిలోపు. నేనే ఆ వాక్యం తుడిపించేస్తాను. ఆ తర్వాత ఛైర్మన్‌గారు వచ్చి చూసి సరేనంటారు. ఇక అది నా చేతిలో ఉండదు.”

అక్కడున్నవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఇద్దరే. ఒకరు మా వదిన. ఇంకొకరు ఫొటోలో ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్న చిన్నమ్మాయి. అందరిలోకీ చిన్నదని ఎక్స్ఛేంజీలో ఆమెను పిచ్చుక అనేవాళ్లట. ఆదివారం ఆవిడే ముఖ్య అతిథి. పక్క ఊరి నుంచి మనవల్ని వెంటబెట్టుకుని వస్తోంది. పతకం కూడా తెస్తోంది.

క్యూరేటరమ్మాయి ఆ పిచ్చుక ఫోన్ నంబరు చీటీ మీద రాసి నా జేబులో పెట్టింది. దాంతోపాటు ఒక కాగితపు చుట్ట కూడా చేతికిచ్చింది. “అసలు నెగటివ్ నుంచి అంచులదాకా ప్రింటు వేయించాం మాస్టారూ. పత్రికలో ఖాళీ కుర్చీని సగానికి కోసేశారు. ఇందులో మొత్తం ఉంది. కుడి అంచున మాత్రం కాస్త చెదిరింది.”

బయటికి వస్తుంటే వెనక పెయింటరు గొంతు వినబడింది. “మేడం, రంగు ఆరాలి. మిగతాది రేపు పదింటికి రాస్తాను.”

ఆ రంగు గంటలో ఆరుతుందని డబ్బా మీదే రాసుంది. వస్తూ చూశాను. అతనూ చూసే ఉంటాడు.

వదిన ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. మధ్యలో ఒకటే గోడ. నేను వెళ్లేసరికి సాయంత్రం నాలుగు దాటింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నా చొక్కాకు బొత్తాం కుడుతోంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, సూదిలో దారం ఇంకా తనే ఎక్కించుకుంటుంది. ఎక్స్ఛేంజీ వదిలాక ముప్ఫై ఏళ్లు బొత్తాల కొట్లో పనిచేసింది. ఇంట్లో ఎక్కడ చూసినా బొత్తాల డబ్బాలే. ఫోన్ మాత్రం లేదు. ఎన్నడూ పెట్టించుకోలేదు.

“వచ్చావా! నువ్వు చెప్పింది ఒక బొత్తామే. రెండోది కూడా ఊగిసలాడుతోంటే దాన్నీ బిగించాను. ఏం మనిషివి నువ్వు, ఒక్కటి ఊడితే గానీ పక్కది చూసుకోవు.”

“వదినా, మీతో ఒక మాట.”

“ఫొటో మాటేగా?”

“ఆ మాటే.”

“అయితే చొక్కా తీసుకుని వెళ్లండి మరిదిగారూ.”

ప్రసన్నంగా ఉన్నప్పుడు వదినకు నేను ‘నువ్వు’. కోపం వస్తే ‘మీరు’ అయిపోతాను, మరిది కాస్తా మరిదిగారు అవుతాడు. నలభై ఎనిమిదేళ్ల బంధుత్వంలో నేను గౌరవం అందుకున్నప్పుడల్లా తిట్టు తిన్నట్టే లెక్క.

మామూలుగా అయితే చొక్కా తీసుకుని వెళ్లిపోయేవాణ్ణే. ఆ రోజు కాళ్లు కదల్లేదు. వారం నుంచి ఎవరి దగ్గరికి వెళ్లినా మర్యాదగా కుర్చీ వేసి, మర్యాదగా విని, మర్యాదగా పంపించేస్తున్నారు. ఆ మర్యాదంతా గొంతుదాకా నిండిపోయి ఉంది.

“వెళ్లను. రేపు పదింటికి ఆ గోడ మీద ‘పారిపోయిన’ అని రాస్తారు వదినా. అరచేతి మందాన అక్షరాలు. ఊళ్లో పిల్లలందరినీ వరసలో నిలబెట్టి చదివిస్తారు. మీ చెల్లెలితో చదివించినట్టే. నేను ఇంటింటికీ తిరిగి నీడలు కొలుస్తున్నాను. అసలు మనిషి ఇక్కడ కూర్చుని బొత్తాలు కుడుతోంది. నాకు విసుగొచ్చింది. ఒక్కటి చెప్పండి చాలు. పారిపోయారా, లేదా?”

దారం పళ్లతో కొరికింది. చొక్కా మడతపెట్టింది. మడత సరిగ్గా లేదని విప్పి మళ్లీ పెట్టింది.

“లేదు,” అంది.

ఆ ఒక్క మాట కోసం మా ఆవిడ జన్మంతా ఎదురుచూసింది. వదినే అంది, “అలా నిలబడకు. మంచం మీద కూర్చోకు, సూదులున్నాయి. ఆ స్టూలు లాక్కో.”

మళ్లీ ‘నువ్వు’ అయినందుకు కాస్త ఊపిరి పీల్చుకుని స్టూలు లాక్కున్నాను.

“చీకటిపడే వేళకి నీళ్లు కింది మెట్లెక్కాయి. పడవ వచ్చింది. బోర్డు వదిలితే ఉద్యోగం పోతుందని పైనుంచి ఆర్డరు. మా సూపర్‌వైజరమ్మ ఆ ఆర్డరు చదివి, మడిచి, ‘పిల్లలు చస్తే ఎవరికే ఈ ఉద్యోగాలు, దిగండి’ అని అందర్నీ పడవెక్కించింది. మంచిది ఆవిడ. ఆమెనేం అనకు.”

“మీరు ఎక్కలేదా?”

“నా బోర్డు మీద ఆనకట్ట లైను ఉంది. అక్కడి కాపలాదారు నీళ్లు ఎంత పెరిగాయో చెబుతున్నాడు. నేను విని, కింది ఊళ్లకి చెబుతున్నాను. చెవికున్న సెట్టు తీస్తే ఆ ఊళ్లకి ఎవరు చెబుతారు? ‘మీరు పొండి, ఈ కాల్ అయ్యాక వస్తా’ అన్నాను. ఆ కాల్ తెల్లారేదాకా అవలేదు.”

“ఒక్కరేనా? రాత్రంతా?”

“కాపలాదారు ఉన్నాడుగా లైన్లో. మధ్యమధ్య నిద్రపోవద్దని ఒకర్నొకరం తిట్టుకున్నాం. పైకప్పు కారింది. కప్పుకోవాల్సిన రెయిన్‌కోటు బోర్డు మీద కప్పాను. పొద్దునకి జ్వరం. పడవలో ఆసుపత్రికి మోసుకెళ్లారట. నాకు తెలీదు.”

“నీళ్లు తీశాక పత్రికవాళ్లు వచ్చారు,” అన్నాను.

“లైన్లు నిలబెట్టిన అమ్మాయిలేరీ అని అడిగారట. నిలబెట్టింది ఒక్కతే, మిగతావాళ్లు దిగిపోయారని చెబితే ఏడుగురి ఉద్యోగాలూ పోతాయి. దింపినందుకు ఆవిడది ముందు పోతుంది. అందుకని అందర్నీ కూర్చోబెట్టింది. ఈ కుర్చీ ఎవరిదని ఫొటోగ్రాఫరు అడిగితే ఎవరో ‘ఆ అమ్మాయి వెళ్లిపోయింది’ అన్నారట. వెళ్లిపోయింది అంటే ఆసుపత్రికి. వాడు రాసుకున్నది వేరే.”

“ఆవిడ దిద్దలేదా?”

“ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. ‘కొన్నాళ్లు ఓర్చుకోవే, గొడవ చల్లారాక నేనే చెబుతా’ అంది. సరే అన్నాను. చల్లారకముందే పతకాలొచ్చాయి. తర్వాత పాఠం వచ్చింది. ఆ తర్వాత ఆవిడ పోయింది. ఇంక చెప్పడానికి వేళ ఎక్కడుంది?”

ఎంత మామూలుగా చెప్పిందంటే, నాకు కోపం రెట్టింపయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియకపోవడం ఆ కోపంలో పెద్ద చిక్కు. ఆ సూపర్‌వైజరమ్మ నిజంగా మంచిదే. ఫొటోగ్రాఫరు విన్నదే రాశాడు. క్యూరేటరమ్మాయి నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది.

“రేపు పొద్దున నాతో రండి. ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ చెప్పండి. అయిపోతుంది.”

“రాను.”

“ఎందుకు?”

“ఆరుగురు పోయారు. ఉన్నది పిచ్చుక. దాని మనవలు రేపు కాక ఎల్లుండి మా బామ్మ అని చేతులు చాపి ఆ గోడ ముందు నిలబడతారు. వాళ్ల ముందు దాని మెడలో పతకం తెంపమంటావా? అప్పుడు దానికి పద్దెనిమిదేళ్లు. పడవ ఎక్కమంటే ఎక్కింది. అంతే అది చేసింది.”

“మీకు ఇరవై రెండు. మీరు ఎక్కలేదు.”

“నేను పెద్దదాన్ని.”

కాలేజీలో ఎంత మొండి విద్యార్థినైనా బోర్డు దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికిస్తే దారికొచ్చేవాడు. ఈవిడ చేతిలో ఉన్నది సూది.

లేచాను. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ, నాతో కాదన్నట్టు అంది. “మాట ఇచ్చింది నేనే. దానికి బాధ లేదు. ఏడుగురిలో ఒక్కరికైనా ఆ ఫొటోకి కూర్చున్నప్పుడు గొంతులో అడ్డుపడలేదా అని... అంతే. ఆసుపత్రికి ఒక్కరూ రాలేదు. భయం, నిజమే. అయినా ఒక్కరూ రాలేదు.”

చంకలో చుట్ట జారుతోంటే సర్దుకుంటూ, ఉక్రోషం కొద్దీ గొణిగాను. “కాళ్లరిగేలా తిరిగి అంచులదాకా ఉన్న ప్రింటు తెస్తే అదీ పాడే. ఒకమ్మాయి చెయ్యి చెదిరింది. హెడ్‌సెట్ తీగ చెదిరింది.”

“ఏ హెడ్‌సెట్?”

“మీ కుర్చీకి తగిలించి ఉంది కదా, అది.”

వదిన నా వైపు తిరిగింది. “నా కుర్చీకి సెట్టు ఉందా?”

అప్పుడు తట్టింది నాకు. వదిన ఆ ఫొటోను ఎప్పుడూ సరిగా చూడలేదు. పత్రికలోనూ పాఠంలోనూ వచ్చింది కోసేసిన బొమ్మ. దాన్ని కూడా ఇంట్లోకి రానివ్వలేదు.

చుట్ట విప్పి కిటికీ కింద బల్ల మీద పరిచాను. మూలలు ముడుచుకుపోకుండా నాలుగు బొత్తాల డబ్బాలు పెట్టింది తనే. నా భూతద్దం ఇచ్చాను. మొదటి ముఖం నుంచి చూడలేదు. నేరుగా కుడి అంచుకు పోయింది.

చాలాసేపు వంగే ఉంది. నడుం నొప్పి పుడుతుందని స్టూలు జరిపాను. చూసుకోలేదు.

“నాదే,” అంది. “తీగ చివర చూడు. గుర్తుకి ఒక బొత్తాం కట్టుకునేదాన్ని. నాలుగు కన్నాల బొత్తాం. అందరూ ఎగతాళి చేసేవాళ్లు.”

చూశాను. గుండ్రటి చిన్న మచ్చ. అప్పటిదాకా ఫొటో మరక అనుకున్నాను.

“నన్ను మోసుకెళ్లేటప్పుడు సెట్టు ఎవరో అల్మారాలో పెట్టారని సూపర్‌వైజరమ్మే చెప్పింది. మరి ఇక్కడికెలా వచ్చింది?”

“కుర్చీకి తగిలిస్తే ఏమైంది వదినా? ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.”

“నీకు తెలీదు.” భూతద్దం మీంచి కళ్లెత్తలేదు. “డ్యూటీ దిగితే సెట్టు అల్మారాలో పెట్టి వెళ్లాలి. మంచినీళ్లకో దేనికో లేస్తే కుర్చీ కుడి భుజానికి తగిలించి వెళ్లాలి. అల్మారాలో ఉంటే మనిషి వెళ్లిపోయింది. కుర్చీకి ఉంటే వస్తుంది. ఆ బోర్డు ఇంకా ఆమెదే, వేరెవరూ ముట్టుకోకూడదు. ఇది మా గదిలో వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు.”

ఇప్పుడు చెప్పాల్సిన వంతు నాది.

“వదినా, చెవిసెట్టు చూడండి, స్పష్టంగా ఉంది. తీగ మాత్రం చెదిరింది. అంటే తీగ ఊగుతోంది. గాలి లేని గదిలో తీగ ఎప్పుడు ఊగుతుంది? ఎవరో అప్పుడే తగిలించి వదిలితే. ఆ రోజుల్లో ఫొటోగ్రాఫరు కదలకండి అని అరిచి, ఆ తర్వాతే తీసేవాడు. అందరూ బొమ్మల్లా బిగుసుకుని ఉన్నారు. కదిలింది ఒక్క చెయ్యే. చూడండి, ఆ చెయ్యి మీ కుర్చీ దగ్గరి నుంచి వెనక్కి వస్తోంది.”

వదిన భూతద్దాన్ని ఆ చెదిరిన చేతి మీదుగా, మోచేయి మీదుగా, భుజం మీదుగా మెల్లగా జరిపింది. చిన్న ముఖం దగ్గర ఆగింది. పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసి, కెమెరావైపే చూస్తున్న పద్దెనిమిదేళ్ల పిల్ల.

“పిచ్చుక,” అంది. “అందరి ముందూ... ఎంత ధైర్యమే నీకు.”

భూతద్దం బల్ల మీద పెట్టి కళ్లజోడు తుడుచుకుంది. కళ్లజోడు మాత్రమే. ఆ తర్వాత చెయ్యి చాపింది.

“నీ ఫోన్ ఇలా ఇవ్వు.”

నాకు అర్థం కాలేదు. “ఎవరికి?”

“నంబరు జేబులో పెట్టుకునే తిరుగుతున్నావుగా. వచ్చినప్పటి నుంచి ఆ జేబు నాలుగుసార్లు తడుముకున్నావు.”

చీటీ తీసి నంబరు నొక్కాను. వేళ్లు సరిగ్గా పడలేదు, మళ్లీ నొక్కాను. అవతల ఎవరో పిల్ల గొంతు. బామ్మ కావాలన్నాను. ఏదో సామాను జరిపిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు, తర్వాత సన్నగా ‘హలో’ అన్న ముసలి గొంతు. ఫోన్ వదినకు ఇచ్చాను.

వదిన నిటారుగా కూర్చుంది. అరవై రెండేళ్లు ఫోన్ ముట్టని మనిషి, దాన్ని చెవికి ఆనించుకున్న తీరులో ఎక్కడా తడబాటు లేదు. గొంతు కూడా మారిపోయింది. నేనెప్పుడూ వినని గొంతు.

“ఎనిమిదో బోర్డు మాట్లాడుతున్నా,” అంది.

లైను తెగిందేమోనని నేను చెయ్యి చాపాను. వదిన నా చేతిని పక్కకు తోసేసింది. అప్పుడు ఫోన్‌లోంచి ఏదో వినబడింది. ఏడుపో, నవ్వో, మాటో నాకు తెలియలేదు. వదినకు తెలిసింది. తల ఊపింది, అవతలి మనిషికి కనబడుతున్నట్టు.

నేను ముందుకు వంగాను. తప్పే. ఆగలేకపోయాను. ఆమె నిజం చెప్పించబోతోందా? ఇచ్చిన మాటను ఇంకోసారి ఇవ్వబోతోందా? రేపు పదింటికి పెయింటరు కుంచె ఎత్తేటప్పుడు ఆ గోడకు దొరికేది ఏ వాక్యం?

వదిన ఫోన్ అరచేత్తో మూసి నావైపు చూసింది.

“లైన్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే చెవి పెట్టకూడదు మరిదీ. మొదటి రోజే నేర్పిస్తారు. నువ్వెళ్లి పడుకో. ఫోన్ పొద్దున వచ్చి తీసుకో. చొక్కా మర్చిపోకు.”

చొక్కా తీసుకున్నాను. వెలుగు తగ్గిపోయింది. బల్ల మీద ఫొటో అలాగే పరిచి ఉంది, మూలల్లో నాలుగు డబ్బాలతో. వదిన ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని లోపలి గదిలోకి నడిచింది. “ఉన్నాను, ఉన్నాను, పెట్టేయలేదు. చెప్పు,” అంటోంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, అవతలి మాట ఒక్కటీ చెదరకూడదన్నట్టు, గడియ చప్పుడైనా వినబడనీయకుండా మెల్లగా తలుపు వేసుకుంది.